చెక్కు మీద సంతకం

నాకు లివర్ సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడయ్యే జబ్బు, ఉందని తెలియగానే అనంతపురం నుంచి పెదనాన్న ఫోన్ చేసి, "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావురా?" అన్నారు. నేను మందు ముట్టను. నాకున్నది పదిహేనేళ్ల షుగరు, బెల్టు దాటి ముందుకొచ్చిన పొట్ట. ఎప్పుడో హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ అని రాశారు. ఈ రోజుల్లో ఎవరికి లేదులే అని రిపోర్టు బీరువాలో పడేశాను. మందు, హెపటైటిస్ బి, సి వైరస్‌లే కాదు, ఈ కొవ్వు కూడా ఏళ్ల తరబడి లివర్‌ని గట్టిపరుస్తుందని నాకప్పుడు తెలీదు.

ఓసారి జ్వరమొస్తే ప్లేట్‌లెట్లు 90 వేలే ఉన్నాయి. బెంగళూరులో ప్లేట్‌లెట్లు తగ్గాయంటే అందరి నోటా డెంగీయే. మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ల వాళ్లు బొప్పాయి ఆకు రసం తెచ్చిచ్చారు. జ్వరం పోయింది, ప్లేట్‌లెట్లు మాత్రం పెరగలేదు. లివర్‌లో దారి బిగుసుకుంటే రక్తం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుందట, ప్లేట్‌లెట్లను అదే పట్టేసుకుంటుందట. సాయంత్రం సాక్సు విప్పితే చీలమండల మీద గాడి పడి ఉండేది. బస్సులో నిలబడ్డందుకేమో అనుకున్నా.

తర్వాత నిద్ర తిరగబడింది. రాత్రంతా జాగారం, పగలు ఆఫీసులో కునుకు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకున్నా. అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చెయ్యలేదు. మూడో రోజు ఇంటి అద్దె చెక్కు రాస్తుంటే సంతకం రాలేదు. ముప్పయ్యేళ్లుగా పెడుతున్న సంతకం! మొదటి అక్షరం గీసి ఆగిపోయా, తర్వాతది ఏంటో తెలీలేదు. ఇంకో చెక్కు చించా, ఇంకోటి. మా ఆవిడ పెన్ను లాక్కుని ఆటో పిలిచింది.

డాక్టరుగారు చేతులు చాపి, బండి ఆపే ట్రాఫిక్ పోలీసులా అరచేతులు నిలబెట్టమన్నారు. నిలబెడితే నిలవవే! వాటంతటవే టపటపా వాలిపోతున్నాయి. రక్తంలోంచి లివర్ తీసెయ్యాల్సిన అమ్మోనియా లాంటివి మెదడుకెక్కాయన్నారు. వారం రోజుల మలబద్ధకం, దానిపైన ఆ నిద్రమాత్ర కలిసి ఎగదోశాయి.

లాక్టులోజ్ సిరప్ పట్టారు. రోజుకు రెండు మూడు విరేచనాలు అవ్వాలి, అదీ లెక్క. రెండో రోజుకి మా ఆవిడని గుర్తుపట్టి కాఫీ అడిగానట. ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు కనిపిస్తే రబ్బరు బ్యాండ్లు వేసి బిగించారు. ఆ నాళాలు పగిలితే రక్తం కక్కుకుంటాం, లేదా తారులా నల్లటి విరేచనం అవుతుంది. ఆ రెంటిలో ఏది కనిపించినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి రమ్మన్నారు.

గట్టిపడిన లివర్ మళ్లీ మునుపటిలా అవ్వదట, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. 11 కిలోలు తగ్గాను. క్యాన్సర్ ఏమైనా మొదలైందేమో చూడ్డానికి ఆరు నెలలకోసారి స్కానింగ్. ఒంటినొప్పులకు బ్రూఫెన్ బంద్. వీటన్నిటికీ సర్దుకున్నా గానీ, ఉప్పు దగ్గరే ఏడుపు. అమ్మ పంపిన ఆవకాయ జాడీ అటక మీదే ఉంది, దాని వాసన నాకు కిందికి తెలుస్తూనే ఉంటుంది.

రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే కండ కరుగుతుందని, పడుకునే ముందు ఏదైనా తినమన్నారు. నేను పాలు తాగుతుంటే మా ఆవిడ పాత కరెంటు బిల్లు తిరగేసి సంతకం పెట్టమంటుంది. నిన్నటిదాని పక్కన పెట్టి చూసుకుని లైటు ఆర్పుతుంది.