సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు వేగం ఎక్కడ ఆగిపోతోంది?

పది గిగాబిట్ల కార్డు వేసినా ఫైళ్లు మూడు గిగాబిట్ల వేగంతోనే కదులుతున్నాయన్న ఫిర్యాదు సర్వర్లు చూసుకునే వారందరికీ పరిచయమైనదే. ఆ ఫిర్యాదు రాగానే చాలామంది చేసే పని, ఎక్కడో దొరికిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) సెట్టింగుల జాబితాను తెచ్చి యథాతథంగా సర్వర్‌లో అతికించి రీబూట్ చేయడం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగే ఈ పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే దానివల్ల ఒకవేళ వేగం పెరిగినా ఎందుకు పెరిగిందో ఎవరికీ తెలియదు, పెరగకపోతే మాత్రం విచారించవలసిన విషయాల్లో మరో ఇరవై చేరతాయి. ప్యాకెట్ ఏ చోట ఆగుతోందో, ఏ చోట రాలిపోతోందో అంకెల్లో కనబడేదాకా ఏ సెట్టింగునూ తాకకపోవడమే మంచిది.

అసలు ఎంత వేగం రావాలో ముందుగా లెక్క వేసుకోవాలి. ఎంటీయూ (ఒక ఫ్రేమ్ మోయగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500 బైట్లు ఉన్నప్పుడు ఒక్కో ఫ్రేమ్ తీగ మీద, ముందువెనుకల ఖాళీతో కలిపి, 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో టీసీపీ మోసే అసలు సమాచారం, టైమ్‌స్టాంపులు వాడుకలో ఉంటే, 1448 బైట్లు మాత్రమే. అంటే పది గిగాబిట్ల లింకు మీద 9.41 గిగాబిట్లు వచ్చాయంటే అది పూర్తి వేగమే, అక్కడ వెతకవలసిన లోపమేదీ లేదు. కొలవడానికి ఫైల్ కాపీని నమ్మకూడదు, ఎందుకంటే అందులో డిస్కు వేగం, ఎన్‌క్రిప్షన్ భారం కూడా కలిసిపోతాయి. మెమరీ నుంచి మెమరీకి పంపే ఐపర్ఫ్3 లాంటి సాధనంతో రెండు దిక్కులా, ఒక్క స్ట్రీమ్‌తోనూ (అంటే ఒకే కనెక్షన్‌తోనూ) అనేక స్ట్రీమ్‌లతోనూ విడివిడిగా కొలవాలి. ఐపర్ఫ్3లో 3.16 వెర్షన్‌కు ముందు ఎన్ని స్ట్రీమ్‌లు అడిగినా అన్నీ ఒకే థ్రెడ్‌లో నడిచేవి కాబట్టి, పాత వెర్షన్ వాడేవారు కొలిచే సాధనమే అడ్డుపడే అవకాశాన్ని మరిచిపోకూడదు.

కేబుల్, పోర్టుల సంగతి త్వరగానే తేలిపోతుంది. ఎథ్‌టూల్ ఆదేశం చూపే వేగం, డ్యూప్లెక్స్ (రెండు దిక్కులా ఒకేసారి పంపగలదా లేదా) విలువలను స్విచ్ వైపు విలువలతో పోల్చి చూడాలి. రాగి తీగ మీద గిగాబిట్ నడవాలంటే నాలుగు జతలూ బాగుండాలి, వంద మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందువల్ల ఒక జత దెబ్బతిన్నప్పుడు లింకు పూర్తిగా తెగకుండా, చడీచప్పుడు లేకుండా వంద మెగాబిట్లకు దిగిపోవచ్చు. ఒక వైపు వేగాన్ని బలవంతంగా నిర్ణయించి రెండో వైపు ఆటో నెగోషియేషన్ (వేగాన్ని పోర్టులే మాట్లాడుకుని తేల్చుకోవడం) మీదే ఉంచిన పాత పోర్టుల్లో, రెండో వైపు హాఫ్ డ్యూప్లెక్స్‌కు (ఒకసారికి ఒకే దిక్కు) పడిపోయి, పింగ్‌కు బాగానే కనిపిస్తూ అసలు పని మొదలవగానే కుంటుతుంది. సీఆర్‌సీ దోషాలు (దారిలో పాడైన ఫ్రేమ్‌ల లెక్క) పెరుగుతూ ఉంటే కేబుల్‌నో, పోర్టులో అమర్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌నో అనుమానించాలి. క్యాట్ 6 కేబుల్ మీద పది గిగాబిట్లకు 55 మీటర్లే హద్దు, వంద మీటర్లు కావాలంటే క్యాట్ 6ఏ అవసరం.

ఇలాంటి దోషాలను లెక్కపెట్టే కౌంటర్ల విషయంలో ఒక అలవాటు తప్పనిసరి. సర్వర్ లేచినప్పటి నుంచి పోగుపడిన మొత్తాన్ని చూసి నిర్ణయానికి రాకూడదు. లోడు నడుస్తుండగా పది సెకన్ల ఎడంతో రెండుసార్లు చదివి, ఆ రెండింటి మధ్య తేడాను చూడాలి. ఎప్పుడో కేబుల్ మార్చిన రోజు నమోదైన వేల దోషాలు ఈరోజు సమస్య గురించి ఏమీ చెప్పవు, కానీ ఇప్పుడు, ఈ పది సెకన్లలో పెరిగిన రెండు వందలు చాలా చెబుతాయి.

నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాకప్ సర్వర్ విషయంలో ఈ తేడాలే దారి చూపించాయి. ఒక్క స్ట్రీమ్‌తో కొలిచినా ఎనిమిదితో కొలిచినా వేగం మూడు గిగాబిట్లకు కాస్త పైన, గోడ కట్టినట్టు ఆగిపోయేది. సీఆర్‌సీ దోషాలు సున్నా. సీపీయూ కోర్లన్నీ దాదాపు ఖాళీగా ఉన్నాయి. అయినా కార్డు గణాంకాల్లో మిస్డ్ అనే కౌంటర్ మాత్రం లోడు నడిచినంతసేపూ పెరుగుతూనే ఉంది. ఆ కౌంటర్ పెరగడమంటే తీగ మీద నుంచి ప్యాకెట్ క్షేమంగానే చేరినా, కార్డు తన సొంత బఫర్‌ను సకాలంలో ఖాళీ చేయలేక దాన్ని వదిలేసిందని అర్థం. దీనికి సాధారణంగా రెండే కారణాలు: కెర్నల్ రింగ్ బఫర్‌లో (కార్డు ప్యాకెట్లను దించే మెమరీ భాగంలో) చోటు సిద్ధం చేయలేకపోవడం, లేదా కార్డుకూ మెమరీకీ మధ్య ఉన్న బస్ ఇరుకుగా ఉండడం. కోర్లు ఖాళీగా ఉండి, రింగ్ బఫర్‌ను పెంచినా అంకె కదలకపోవడంతో, మిగిలింది బస్ ఒక్కటే.

బస్ మీది కార్డుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం వివరంగా చూపే సమాచారంలో లింక్ కెపబిలిటీ, లింక్ స్టేటస్ అని రెండు వరుసలు ఉంటాయి. మొదటిది కార్డు సామర్థ్యం, రెండోది ఇప్పుడు నిజంగా దక్కినది. ఆ సర్వర్‌లో మొదటి వరుస ఎనిమిది లేన్లు (బస్ మీది సమాంతర దారులు) అని చెబితే, రెండో వరుస ఒకే ఒక్క లేన్ అని చెప్పింది. రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ బస్‌లో ఒక లేన్ సెకనుకు 5 గిగా ట్రాన్స్‌ఫర్ల మీద నడుస్తుంది, ప్రతి పది బిట్లలో ఎనిమిదే సమాచారం కాబట్టి దక్కేది 4 గిగాబిట్లు, బస్ మీది ప్యాకెట్ల హెడర్ల ఖర్చు కూడా తీసేస్తే మిగిలేది సరిగ్గా మేము చూసిన మూడు గిగాబిట్ల పైచిలుకే. ఆ స్లాట్ చూడటానికి పొడవైనదే, కానీ లోపల తీగలు కలిపింది ఒక్క లేన్‌కు మాత్రమే, మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఆ సంగతి రాసే ఉంది. డ్రైవర్ కూడా బూట్ సమయంలోనే కెర్నల్ లాగ్‌లో బ్యాండ్‌విడ్త్ చాలదని హెచ్చరించింది, దాన్ని ఎవరూ చదవలేదు. స్లాట్ సరైనదే అయినా కార్డు సరిగ్గా కూర్చోకపోతే లింకు తక్కువ లేన్లతో సర్దుకుంటుంది, అప్పుడు కార్డు తీసి మళ్లీ అమర్చితే సరిపోతుంది.

స్లాట్ మార్చాక ఎనిమిది స్ట్రీమ్‌లతో 9.4 వచ్చింది, ఒక్క స్ట్రీమ్‌తో మాత్రం ఆరు దగ్గరే నిలిచింది. ఇక్కడి నుంచి కథ సీపీయూది. పూర్తి సైజు ఫ్రేమ్‌లతోనే పది గిగాబిట్ల లింకు నిండితే సెకనుకు 8 లక్షల 12 వేలకు పైగా ప్యాకెట్లు వస్తాయి. అతి చిన్న 64 బైట్ల ఫ్రేమ్‌లైతే ఆ సంఖ్య 1 కోటి 48 లక్షలు దాటుతుంది. ఒక స్ట్రీమ్‌కు చెందిన ప్యాకెట్లన్నీ హాష్ లెక్క (అడ్రసుల వంటి వివరాల నుంచి తీసే ఒక సంఖ్య) ప్రకారం ఒకే క్యూలోకి, ఆ క్యూ ఇంటరప్ట్ (సీపీయూను పిలిచే సంకేతం) ద్వారా ఒకే కోర్ మీదికి వెళ్తాయి. సగటు సీపీయూ వాడకం ఐదు శాతం అని చూపించినా, ఎంపీస్టాట్ ఆదేశంతో కోర్ల వారీగా చూస్తే ఒక్క కోర్ సాఫ్ట్ ఇంటరప్ట్ (వచ్చిన ప్యాకెట్లను కెర్నల్ విప్పి చూసే) పనితో వంద శాతం నిండి ఉండవచ్చు. రెండు సీపీయూ సాకెట్లు ఉన్న సర్వర్‌లో కార్డు ఏ న్యూమా నోడ్‌కు (ఒక సీపీయూ, దాని దగ్గరి మెమరీ కలిసిన భాగానికి) దగ్గరగా ఉందో కూడా చూడాలి. ఈ సర్వర్‌లో కార్డు ఒక నోడ్ మీద, దాని ఇంటరప్ట్‌లు, అప్లికేషన్ మరో నోడ్ మీద ఉన్నాయి. రెండింటినీ కార్డు ఉన్న నోడ్‌లోని వేర్వేరు కోర్లకు మార్చి, సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పొదుపు నుంచి పనితీరుకు మార్చాక ఒక్క స్ట్రీమ్ కూడా తొమ్మిది దాటింది. టన్నెల్ (ఒక ప్యాకెట్ లోపల మరో ప్యాకెట్‌ను మోసే పద్ధతి) వాడేవారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉంది: లోపల ఎన్ని కనెక్షన్లు ఉన్నా బయటి అడ్రసులు అవే కాబట్టి, చాలా కార్డులు వాటన్నింటినీ ఒకే క్యూలో పడేస్తాయి.

కోర్ నిండిపోతోందా లేదా అన్న సందేహం తీరకపోతే ప్రాక్ డైరెక్టరీలోని సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైలు చూడాలి. వరుసకు ఒక సీపీయూ, అంకెలు హెక్సాడెసిమల్‌లో ఉంటాయి. రెండో నిలువు వరుస రాలిపోయిన ప్యాకెట్లు, మూడోది పని మిగిలి ఉండగానే కెర్నల్ తన కోటా అయిపోయి ఆగిన సందర్భాలు. మూడోది నిలకడగా పెరుగుతుంటేనే, ఆ కోటాను నిర్ణయించే, సాధారణంగా 300గా ఉండే నెట్‌డెవ్ బడ్జెట్‌ను పెంచడానికి అర్థం ఉంటుంది. రింగ్ బఫర్‌ను కూడా చివరి హద్దుదాకా లాగడం నాకు సమ్మతం కాదు. ఉప్పెనలా వచ్చే ట్రాఫిక్‌ను అది ఓర్చుకుంటుంది గానీ, కోర్ ఎప్పుడూ వెనకబడే ఉంటే ప్యాకెట్లు రాలిపోయే ముందు ఎక్కువసేపు వేచి ఉండటమే జరుగుతుంది. టీఎస్‌ఓ, జీఆర్‌ఓ లాంటి ఆఫ్‌లోడ్‌లను (ప్యాకెట్లను విడగొట్టే, కలిపే పనిలో సీపీయూ భారం తగ్గించేవాటిని) కారణం లేకుండా ఆపివేయకూడదు. అయితే బ్రిడ్జిగానో రౌటర్‌గానో పనిచేసే యంత్రంలో ఎల్ఆర్‌ఓ మాత్రం ఆపే ఉండాలి, ఎందుకంటే అది కలిపేసిన ప్యాకెట్లను తిరిగి ఉన్నదున్నట్టు విడదీయడం కుదరదు.

జంబో ఫ్రేమ్‌ల (సుమారు 9000 బైట్ల ఎంటీయూ) వల్ల ప్యాకెట్ల సంఖ్య తగ్గుతుంది, కానీ దారిలో ఉన్న ప్రతి స్విచ్ పోర్టూ వాటిని ఒప్పుకోవాలి. ముక్కలు చేయవద్దన్న గుర్తుతో 8972 బైట్ల పింగ్ పంపి చూస్తే, హెడర్లతో కలిపి అది 9000 అవుతుంది, నిజం అక్కడే బయటపడుతుంది.

ఇవన్నీ సవ్యంగా ఉండి, పక్క సర్వర్‌తో పూర్తి వేగం వస్తూ దూరపు సర్వర్‌తో మాత్రం రాకపోతే, కారణం కార్డులో లేదు. వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టే దారిని పది గిగాబిట్లతో నింపాలంటే 50 మెగాబైట్ల సమాచారం దారిలో ఉండాలి. టీసీపీ రిసీవ్ బఫర్ గరిష్ఠ విలువ పాత కెర్నళ్లలో సాధారణంగా వచ్చే 6 మెగాబైట్ల దగ్గరే ఉంటే, ఆ కనెక్షన్ 1.26 గిగాబిట్లు దాటడం అసాధ్యం. కెర్నల్ బఫర్ల గరిష్ఠ విలువలను పెంచడానికి సరైన సందర్భం ఇదే, పెంచేటప్పుడు పంపే వైపునా అందుకునే వైపునా కలిపి పెంచాలి. రెండు పోర్టులను ఎల్ఏసీపీతో (లింకులను ఒకటిగా కట్టే పద్ధతితో) జత చేసి ఇరవై గిగాబిట్లు ఆశించేవారి ప్రశ్న కూడా ఇలాంటిదే: హాష్ విధానాన్ని ఐపీ అడ్రసులు, పోర్టు నంబర్లు కలిపి లెక్కించేలా మార్చితే అనేక కనెక్షన్లు రెండు లింకులకూ పంచబడతాయి, ఒక్క కనెక్షన్ మాత్రం ఎప్పటికీ ఒక్క లింకు మీదే నడుస్తుంది.