నోట్‌బుక్‌లో 119 రోజులు

ఐదు వారాల క్రితం అల్మరా సర్దుతుంటే బట్టల అడుగు నుంచి ఒక నోట్‌బుక్ బయటపడింది. నీలం అట్ట, మూలలు నలిగిపోయి ఉన్నాయి. దాన్ని చూడగానే ప్రాణం ఉసూరుమంది. కార్బ్స్, అంటే అన్నం, బ్రెడ్, చక్కెర లాంటివాటిలో ఉండే పిండిపదార్థాలు, తగ్గించి తిందామని మొదలుపెట్టిన ప్రతిసారీ రోజూ ఏం తిన్నానో రాసుకున్నది అందులోనే. 'మొదటి రోజు' అన్న మాట ఆ పుస్తకంలో ఐదుచోట్ల ఉంది. ఐదుసార్లూ ఎర్ర ఇంకుతోనే రాశాను, కింద రెండేసి గీతలు గీశాను.

చించి పారేద్దామనిపించింది. కానీ మంచం మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పడం మొదలుపెట్టాను. నా ఉద్యోగం అకౌంట్స్‌లో. ఇరవై ఏళ్లుగా అంకెలు కూడుతూ బతుకుతున్నదాన్ని, అంకెలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మొదటిసారి 23 రోజులు. రెండోసారి 41. మూడోసారి 9. నాలుగోసారి 34. ఐదోసారి 12. అన్నీ కూడితే 119.

ఆ అంకె చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. రెండున్నరేళ్లుగా 'నేను ఐదుసార్లు ఓడిపోయాను' అని మనసులో మోస్తున్నాను. 119 రోజులు నేను అనుకున్నట్టే తిన్నానన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇంకోటి కూడా కనిపించింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. తెగిపోయిన రోజు ఏం తిన్నానో చూస్తే పెద్ద ఘోరమేమీ లేదు. ఒకసారి పెళ్లి భోజనం, ఒకసారి ఒక ప్లేటు అన్నం, ఒకసారి నాలుగు బ్రెడ్ ముక్కలు. దాని తర్వాత మాత్రం పేజీ ఖాళీ. మళ్లీ ఎర్ర ఇంకు కనిపించేసరికి నాలుగు నెలలో ఆరు నెలలో గడిచిపోయాయి. తప్పిన పూట ఒక్కటే, తిరిగి రావడానికి పట్టింది నెలలు. నన్ను ముంచింది ఆ పూట కాదు, ఆ నెలలు.

మూడోసారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మోటివేషన్ గురించి నాకున్న నమ్మకం మారింది దానివల్లే. ఆ ముందు వారం బ్లడ్ టెస్ట్‌లో నా హెచ్‌బీఏ1సీ, అంటే రక్తంలో షుగర్ సగటు చూపే అంకె, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. రిపోర్ట్ చేతిలో పట్టుకోగానే నాకు గుర్తొచ్చింది నాన్న పాదం.

నాన్నకి షుగర్ చాలా ఏళ్లు ఉంది. చివరి రెండేళ్లు ఎడమ పాదం అడుగున, బొటనవేలి కింద, ఒక పుండు మానలేదు. రోజూ సాయంత్రం ఆయన కాలు నా ఒళ్లో తువ్వాలు పరిచి పెట్టుకునేదాన్ని. అంటుకుపోయిన గాజుగుడ్డని సెలైన్‌తో తడిపి, అంచు నుంచి కొద్దికొద్దిగా ఊడదీసేదాన్ని. గుడ్డతో పాటు కొంచెం చర్మం లేచి వచ్చినా ఆయన పేపర్ చదువుకుంటూనే ఉండేవారు. 'నాన్నా, నొప్పి లేదా?' అంటే 'ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?' అని అడిగేవారు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి, స్పర్శ పోతుంది. నొప్పి తెలియకపోవడమే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది.

అంతకంటే బలమైన కారణం మనిషికి ఏం కావాలి? ఆ భయంతోనే మొదలుపెట్టాను. అది నిలిచింది తొమ్మిది రోజులు. ఐదింటిలో అదే అతి తక్కువ.

అందుకే ఇప్పుడు ఎవరైనా 'మోటివేషన్ రావట్లేదు' అంటే, ఆ మాట వెనకున్న బాధ నాకు బాగా తెలుసు. కానీ నాకు కారణం కొరవడలేదు. నాన్న పాదం ఈ రోజుకీ నా కళ్ల ముందే ఉంది. సాయంత్రం ఆరు గంటలకి ఆకలితో ఇంటికి వచ్చినప్పుడు ఆ కారణం చెయ్యి పట్టుకుని ఆపదు, అంతే. అప్పుడు ఆపేది వేరే ఉండాలి.

ఐదోసారి పన్నెండో రోజు నాకు క్షణం క్షణం గుర్తుంది. ఆ రోజు ఆఫీసులో ఆడిట్. మధ్యాహ్నం భోజనం మానేశాను, రెండు టీలతో నెట్టుకొచ్చాను. ఇంటికొచ్చేసరికి ఆరున్నర దాటింది. భుజం మీద బ్యాగ్ దించలేదు, లైటు కూడా వేయలేదు. ఫ్రిజ్ తలుపు తీసి, ఆ వెలుతురులోనే బ్రెడ్ ప్యాకెట్ అందుకున్నాను. మూతికి పెట్టిన ప్లాస్టిక్ క్లిప్ పళ్లతో పట్టుకుని, రెండు చేతులతో ప్యాకెట్ విప్పాను. జామ్ సీసాలో స్పూన్ ముంచి బ్రెడ్ మీద రాసి, నిలబడే నాలుగు ముక్కలు తిన్నాను. చల్లటి బ్రెడ్, గట్టిపడిన అంచులు. రుచి చూసుకున్నట్టు కూడా గుర్తులేదు.

నాలుగో ముక్కకి ఆకలి తీరిపోయింది, ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. అయినా ఆగలేదు. 'ఈ రోజు ఎలాగూ పోయింది' అన్న మాట లోపల వినిపించింది. ఆ మాటతోనే ఫ్రీజర్‌లో ఉన్న ఐస్‌క్రీం బయటికి వచ్చింది, తర్వాత బిస్కెట్లు. అది గురువారం. శుక్ర, శని, ఆదివారాలు 'సోమవారం నుంచి' అనుకుంటూ ఏది కనిపిస్తే అది తిన్నాను. సోమవారం ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. ఆ తర్వాత పేజీలు ఖాళీ.

నిండా మునిగినవాడికి చలేమిటి అంటాం కదా, సరిగ్గా అదే. ఇది నా ఒక్కదాని బలహీనత కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1975లో ప్రచురితమైన హెర్మన్, మ్యాక్ అనే పరిశోధకుల ప్రయోగం ఒకటి ఉంది. కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీం పెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. తిండి మీద అదుపు పెట్టుకుని బతికేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది కదా అన్న ఆలోచన ఆకలి కన్నా బలంగా పనిచేసింది. అది చదివిన రోజు నా గుండె మీంచి ఒక బరువు దిగినట్టయింది. ఆ గురువారం సాయంత్రం నేను తిన్న నాలుగు ముక్కల్లో తప్పేమీ లేదు. తప్పంతా 'ఎలాగూ పోయింది' అన్న మాటలో ఉంది.

రెండోసారి తెగిపోవడానికి కారణం ఇంకా బాధాకరం, ఎందుకంటే అది వట్టి అపార్థం. 41 రోజులు బాగా సాగింది. దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లి రెండు రోజులు అన్నీ తిన్నాను. తిరిగొచ్చి మెషిన్ ఎక్కితే 1.9 కిలోలు పెరిగాను. 41 రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరయిందని బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. రెండు రోజుల్లో దాదాపు రెండు కిలోల కొవ్వు పెరగడం జరిగే పని కాదని అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు. మన కాలేయం, కండరాలు కలిసి సుమారు అర కిలో గ్లైకోజెన్, అంటే నిల్వ ఉంచుకున్న చక్కెర, దాచుకుంటాయి. ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. కార్బ్స్ మానేసిన మొదటి వారం బరువు గబగబా తగ్గేది చాలావరకు ఆ నీరు పోవడం వల్లే, మళ్లీ తినగానే వచ్చి చేరేదీ ఆ నీరే. మెషిన్ మీద ఒక అంకె చూసి ఐదు నెలలు వదిలేశానంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇదంతా చదివే రోజుల్లోనే విలియం బాంటింగ్ గురించి తెలిసింది. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారి, అరవై దాటినవాడు. బరువు తగ్గడానికి ఏళ్ల తరబడి ఎందరో డాక్టర్ల దగ్గరికి తిరిగాడు. పొద్దున్నే పడవ నడిపితే కండలు గట్టిపడ్డాయి, ఆకలి కూడా రెట్టింపై ఆ ప్రయత్నం వదిలేయాల్సి వచ్చింది. చివరికి చెవులు సరిగా వినిపించడం లేదని విలియం హార్వీ అనే డాక్టర్ దగ్గరికి వెళితే, ఆయన బ్రెడ్, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. 1862 ఆగస్టులో 202 పౌండ్లున్న మనిషి ఏడాది తిరిగేసరికి 156 పౌండ్లకి వచ్చాడు, అంటే దాదాపు 21 కిలోలు తగ్గాడు. స్వీడిష్ భాషలో డైటింగ్ చేయడాన్ని నేటికీ 'బాంటా' అంటారు, ఆయన పేరు మీదే. నాకు ఆ 21 కిలోల కన్నా అంతకుముందు ఆయన విఫలమైన ఏళ్లే ఎక్కువ ధైర్యం ఇచ్చాయి.

ఇక ఆరోసారి సంగతి. నోట్‌బుక్ దొరికిన ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. సోమవారం కోసం ఆగలేదు, ఎర్ర ఇంకు పెన్ను తీయలేదు. పొద్దున అప్పటికే బ్రెడ్, అరటిపండు తిని ఉన్నాను. అయినా సరే, తర్వాతి పూట గుడ్లు, పాలకూర, కొంచెం చీజ్. అంతే.

గతంలో ప్రతిసారీ రోజుకి 20 గ్రాముల కార్బ్స్ అని పెట్టుకునేదాన్ని. ఈసారి 100 గ్రాములు. 130 గ్రాముల లోపు ఉంటే లో-కార్బ్ అనే పరిగణిస్తారు, కార్బ్స్ మరీ తగ్గించేసే కీటో డైట్‌లో అయితే సాధారణంగా 50 లోపు ఉండాలి. నాకు 20 గ్రాములంటే ఒక పండు తిన్నా నేరం చేసినట్టే ఉండేది. ఒక అరటిపండులోనే సుమారు 27 గ్రాములుంటాయి. వంద గ్రాములంటే మధ్యాహ్నం కొద్దిగా అన్నం, ఒక పండు, పెరుగు, కూరగాయలు పడతాయి. పట్టుదల తగ్గిందని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మంది మీద ఏడాది పాటు చేసిన అధ్యయనంలో తక్కువ కార్బ్స్ తిన్నవాళ్లు సగటున 6 కిలోలు, తక్కువ కొవ్వు తిన్నవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్నం ఒక్కటే నా శత్రువని నేను నమ్మడం మానేశాను. నేను ఏడాది పాటు తినగలిగేది ఏదో అదే నా డైట్.

రెండో మార్పు సాయంత్రానికి సంబంధించింది. నోట్‌బుక్ ప్రకారం ఐదింటిలో మూడుసార్లు తెగింది సాయంత్రం ఐదుకీ ఏడుకీ మధ్యే, అదీ మధ్యాహ్నం సరిగ్గా తినని రోజునే. కాబట్టి ఇప్పుడు రాత్రి పడుకునే ముందు మూడు గుడ్లు ఉడకబెట్టి ఫ్రిజ్‌లో ముందు వరుసలో పెడతాను. ఒక గుడ్డులో కార్బ్స్ గ్రాము కూడా ఉండవు. ఇంటికి రాగానే, బ్యాగ్ దించకముందే కావాలన్నా సరే, ముందు గుడ్డు. బ్రెడ్ ఇంట్లోనే ఉంది, పిల్లలకి కావాలి కదా. దాన్ని పై అరలోకి మార్చాను, స్టూలు వేసుకుంటే తప్ప అందదు.

మూడు నాలుగు రోజులు గడిచాక తలనొప్పి, నీరసం వచ్చేవి. పాతరోజుల్లో అయితే 'నా ఒంటికి ఇది పడదు' అని భయపడేదాన్ని. కార్బ్స్ తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో కిడ్నీలు ఉప్పునీ నీటినీ ఎక్కువ బయటికి పంపుతాయి. ఉప్పు వేసిన వేడి సూప్ ఒక కప్పు తాగితే నాకు గంటలో తేలికగా ఉండేది. నాకు బీపీ లేదు కాబట్టి అలా చేశాను. బీపీకి గానీ షుగర్‌కి గానీ మందులు వేసుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కార్బ్స్ తగ్గించే ముందు తప్పకుండా డాక్టర్‌తో మాట్లాడండి. మందు మోతాదు మార్చకుండా తిండి మాత్రం తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి, దండం పెడతాను.

ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు లండన్‌లో 96 మంది మీద చేసిన అధ్యయనం కూడా నాకు ఆసరా అయింది. కొత్త అలవాటు తనంతట తాను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట, ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్ద ఆటంకం కాలేదు. ఆ వాక్యం నోట్‌బుక్ అట్ట లోపల రాసుకున్నాను, నీలం ఇంకుతో.

ఈ రోజుకి 37వ రోజు. నాలుగుసార్లు తప్పాను, నాలుగూ రాసి ఉన్నాయి. రెండు నెలల్లో మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి. అది సుమారు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి ఇప్పుడే పరుగెత్తి ప్రయోజనం లేదు. టెన్షన్ లేదంటే అబద్ధం.

నిన్న ఆఫీసులో రిటైరవుతున్న మేడమ్‌కి వీడ్కోలు. ఆవిడ స్వయంగా కేక్ ముక్క కోసి నా చేతిలో పెట్టి, 'తినమ్మా, మళ్లీ నా చేత్తో ఎప్పుడు పెడతానో' అన్నారు. కూర్చుని, నెమ్మదిగా, క్రీమ్‌తో సహా మొత్తం తిన్నాను. చాలా బాగుంది. ఇంటికి వచ్చి నోట్‌బుక్ తీసి 'సాయంత్రం 4: కేక్, ఒక పెద్ద ముక్క' అని రాశాను. దాని కింది గీతలో 'రాత్రి 8: చేప, క్యాలీఫ్లవర్, పెరుగు' అని రాసి, గుడ్లు ఉడకబెట్టడానికి లేచాను.