చెప్పకుండా వెళ్ళే ఇల్లు

మా అమ్మ న్యూజెర్సీ వచ్చిన మూడో రోజున గుత్తివంకాయ కూర గిన్నెలో పెట్టి, పైన పళ్ళెం మూసి, పక్కింటికి బయల్దేరింది. నేను గుమ్మం దగ్గరే ఆపేశాను. "ఇక్కడ చెప్పకుండా వెళ్ళకూడదమ్మా, ముందు మెసేజ్ పెట్టాలి" అన్నాను. పక్కింట్లో ఉన్నది తెల్లవాళ్ళేమీ కాదు, ఒంగోలు వాళ్ళు. మేం అన్నయ్య, వదిన అని పిలుచుకునేవాళ్ళు. మా టౌన్‌హోముకీ వాళ్ళ టౌన్‌హోముకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. అమ్మ ఏమీ అనలేదు. గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేసింది.

ఆ మాట తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి అనే మాట కాదు. మా వీధిలో తలుపు తట్టేది పోస్ట్‌మ్యాన్ ఒక్కడే. అమెరికా వచ్చిన ఈ పన్నెండేళ్ళలో ఎవరూ కూర్చోబెట్టి నాకిది నేర్పలేదు. ఎప్పుడు వచ్చి చేరిందో కూడా తెలియదు.

నేను చేసేది శాస్ ప్రోగ్రామింగ్. శాస్ అంటే లెక్కలు విశ్లేషించే ఒక సాఫ్ట్‌వేర్. మందుల పరీక్షలకీ, ఆరోగ్య సర్వేలకీ డేటాసెట్లు తయారుచేసే పని. న్యూజెర్సీలో ఈ పనిలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. కొన్నేళ్ళ కిందట కాంట్రాక్టు మీద చేసిన ఒక ప్రాజెక్టులో వలస వచ్చినవాళ్ళు నింపిన ప్రశ్నాపత్రాలు నా చేతికొచ్చాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏం వండుకుంటారు, స్నేహితులు ఏ దేశం వాళ్ళు అని ప్రశ్నలు. ఒక్కో జవాబుకీ ఒక అంకె. అన్నీ కూడితే స్కోరు. స్కోరు ఎంత పెరిగితే మనిషి అంత అమెరికన్ అయినట్టు లెక్క. దీన్ని అకల్చరేషన్ అంటారు. కూడిక సరిగ్గా వచ్చిందో లేదో చూడటమే నా పని. అయినా ఒక రాత్రి నా జవాబులు నేనే కాగితం మీద వేసుకుని కూడుకున్నాను. తెలుగు మాట్లాడతాం, అన్నం తింటాం, వినాయక చవితి చేస్తాం. స్కోరు తక్కువే వచ్చింది. అమ్మని గుమ్మంలో ఆపేసిన సంగతి అడిగే ప్రశ్న అందులో ఎక్కడా లేదు.

ఆ ప్రాజెక్టు పుణ్యమా అని పాత పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను. నన్ను బాగా పట్టుకున్నది జపాన్ వాళ్ళ మీద జరిగింది. జపాన్‌లో ఉండిపోయిన మగవాళ్ళనీ, హవాయి వెళ్ళినవాళ్ళనీ, కాలిఫోర్నియా చేరినవాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశారు. గుండెజబ్బు జపాన్‌లో తక్కువ, హవాయిలో మధ్యస్థం, కాలిఫోర్నియాలో అందరికంటే ఎక్కువ. తిండి మారింది కాబట్టి అనుకుంటాం. మైకేల్ మార్మట్, లెనార్డ్ సైమ్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలోని 3,800 మందిని విడిగా తీసుకుని, ఎవరు ఎంతవరకు పాత పద్ధతి నిలుపుకున్నారో చూశారు. 1976లో వచ్చింది ఆ వ్యాసం. జపాన్ పద్ధతి గట్టిగా పట్టుకున్నవాళ్ళలో గుండెజబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. బాగా అమెరికన్ అయిపోయినవాళ్ళలో అంతకి మూడు నుంచి ఐదు రెట్లు. సిగరెట్లు, రక్తపోటు, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు.

పోలేదు అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా పనిలో తేడా పోకపోతే, మనం కొలవనిది ఇంకేదో ఉందని అర్థం.

మనవాళ్ళ మీద కూడా ఇలాంటి అధ్యయనం నడుస్తోంది. పేరు మసాలా. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలా, షికాగోలో 906 మంది దక్షిణాసియా వాళ్ళతో మొదలైంది. పూజలు చేస్తారా, ఉపవాసాలుంటారా, ఉమ్మడి కుటుంబం మంచిదనుకుంటారా, మసాలా దినుసులు మందుగా వాడతారా అని అడుగుతారు. వచ్చిన జవాబుల్ని బట్టి మనుషులు మూడు గుంపులుగా పడ్డారు: తమవాళ్ళతోనే ఉండిపోయినవాళ్ళు, ఇక్కడి వాళ్ళలో కలిసిపోయినవాళ్ళు, రెండూ నిలుపుకున్నవాళ్ళు. జపాన్ వాళ్ళ లెక్క చదివి వచ్చాను కదా, మొదటి గుంపే బాగుంటుందని ఆశపడ్డాను. అలా తేలలేదు. ఆడవాళ్ళలోనైతే విడిగా ఉండిపోయినవాళ్ళ పరిస్థితే మిగతావాళ్ళకంటే బాగాలేదు. నాకు ఆశ్చర్యమేసింది కానీ, ఆలోచిస్తే కష్టంగానే అర్థమైంది. కారు నడపడం రాక, పనికెళ్ళే వీలులేక, చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళని నేను చూశాను. పప్పూ అన్నమే తింటారు, తెలుగే మాట్లాడతారు. మాట్లాడటానికి మనిషే ఉండదు.

ఒక ఆదివారం డెలవేర్ నది దాటి పెన్సిల్వేనియాలో రొసెటో అనే ఊరు వెళ్ళాం. మా ఇంటినుంచి గంటన్నర ప్రయాణం. 1880ల్లో ఇటలీలోని రొసెటో వల్ఫొర్తోరె నుంచి వచ్చినవాళ్ళు అక్కడి పలకరాయి గనుల్లో పనికి కుదిరి, తమ ఊరి పేరే పెట్టుకుని కట్టుకున్న ఊరది. నా చిన్నప్పుడు బలపంతో రాసిన పలకల్లాంటి రాయే. 1950ల చివర్లో అక్కడి డాక్టరొకాయన, ఈ ఊళ్ళో 65 ఏళ్ళలోపు వాళ్ళకి గుండెజబ్బు దాదాపు కనబడదని స్టూవర్ట్ వుల్ఫ్ అనే ప్రొఫెసరుతో అన్నారట. వుల్ఫ్ బృందం 1961 నుంచి ఊరంతా పరీక్షించింది. పందికొవ్వుతో వండుకుంటున్నారు, వైన్ తాగుతున్నారు, పొగ తాగుతున్నారు, రోజంతా గనిలో దుమ్ము. పక్కనే ఉన్న బాంగర్ ఊళ్ళో తాగేవీ ఆ నీళ్ళే, చూపించుకునేదీ ఆ డాక్టర్లకే, అక్కడి గుండెలు మాత్రం మామూలుగానే ఆగిపోతున్నాయి. చివరికి వాళ్ళకి కనబడింది మూడు తరాలు ఒకే కప్పు కింద ఉండటం, ఉన్నవాడు లేనివాడి ముందు దర్జా చూపించకపోవడం, ఒకరింట్లోకి ఒకరు చొరవగా నడిచిపోవడం.

ఆ తర్వాతే అసలు సంగతి. పిల్లలు చదువుకుని, దూరంగా పెద్ద ఇళ్ళు కట్టుకుని, కంచెలు వేసుకున్నారు. ఇలా మారితే గుండెజబ్బు పెరుగుతుందని పరిశోధకులు ముందే అన్నారు. 1992లో అచ్చయిన 50 ఏళ్ళ మరణాల లెక్కలో అదే తేలింది. రొసెటోకీ బాంగర్‌కీ తేడా పోయింది. 1,600 మంది ఉన్న ఊరు, నాలుగు మరణాలు అటూ ఇటూ అయితే రేటే మారిపోతుంది, దీనిమీద మరీ ఒట్టు పెట్టలేమని ప్రోగ్రామరుగా నాకు తెలుసు. కానీ గారిబాల్డీ అవెన్యూలో నడుస్తుంటే, ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టున్నాయి. ప్రతి ఇంటికీ వీధివైపు అరుగు. తెనాలి గుర్తొచ్చి నా కళ్ళు చెమర్చాయి.

పోయిన ఫిబ్రవరిలో మా పక్కింటి అన్నయ్యకి రాత్రి పదకొండున్నరకి గుండెలో నొప్పి మొదలైంది. వదిన, పిల్లలు ఒంగోలు వెళ్ళి ఉన్నారు. ఆయన కారు తీసుకుని, మంచులో, తనంతట తానే ఆసుపత్రికి నడుపుకుంటూ వెళ్ళారు. తెల్లవారుజామున నాలుగింటికి నర్సు మా ఆయనకి ఫోన్ చేసేదాకా మాకు తెలియదు. ఆపదలో ఎవరికి చెప్పాలి అన్నచోట మా ఆయన నంబరు రాశారు. రాశారు గానీ పిలవలేదు. స్టెంట్ వేశాక వెళ్తే, మంచం మీంచి ఆయన అన్న మొదటి మాట: "అర్ధరాత్రి మిమ్మల్ని లేపడం ఎందుకని." మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. నలభై ఆరేళ్ళ మనిషి.

మూడు వారాల కిందటే ఉద్యోగం పోయిందని అప్పుడు చెప్పారు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులే. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు వేసుకుని కారెక్కుతుంటే మేం ఆఫీసుకే అనుకున్నాం. లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవారట. ఇలా దాచడం అమెరికా నేర్పిందా, మన పరువు నేర్పిందా? నేను చాలాసార్లు అనుకున్నాను. పరువు కోసం దాచడం మనదే. కానీ ఊళ్ళో దాచినా దాగదు. పగటిపూట చొక్కా మార్చకుండా అరుగు మీద కూర్చుంటే ఎదురింటి పిన్నిగారే అడిగేస్తారు. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. అడగకపోవడమే మర్యాద అని నాలాంటివాళ్ళం నేర్చుకున్నాం.

శాస్‌లో జవాబు లేనిచోట ఒక చుక్క పడుతుంది. "సాయం కావాలంటే మీరు పిలవగలిగినవాళ్ళు ఎంతమంది?" అన్న వరసలో నేను ఎన్ని చుక్కలు చూశానో. ఖాళీగా వదిలేశారు అని రాసి ముందుకు పోయేదాన్ని. ఇప్పుడు ఆ వరస దగ్గర చెయ్యి నిలబడిపోతుంది.

ఆయన ఇంటికొచ్చిన రోజు సాయంత్రం నూనె తగ్గించి గుత్తివంకాయ చేశాను. గిన్నె మీద పళ్ళెం మూసి బయల్దేరాను. మెట్టు దిగేసరికి బొటనవేలు దానంతటది ఫోన్ మీదికి పోయింది. ఫోన్ లోపల పెట్టేసి వచ్చి, బెల్లు కొట్టకుండా తలుపు తోశాను. తాళం వేసుంది. బయటినుంచే "అన్నయ్యా, నేను" అని కేకేశాను. ఆయన మెల్లగా వచ్చి తీసి, "ఇకమీదట ఇలా నిలబడొద్దమ్మా" అని గరాజు కోడ్ నాలుగంకెలూ చెప్పారు.

వారం తిరగ్గానే వదిన ఒంగోలు నుంచి దిగింది. మర్నాడు మా వంటింట్లోకి చెప్పకుండా వచ్చి గిన్నె బల్లమీద పెట్టింది. ఆ రాత్రి అమ్మకి ఫోన్‌లో అంతా చెప్పాను. నేను చెప్పిన పరిశోధనలన్నీ ఓపిగ్గా విని, "గిన్నె ఖాళీగా ఇచ్చిందా?" అని అడిగింది.

"లేదమ్మా. చింతకాయ పచ్చడి."