డ్రిల్లు మాష్టారి ఖోఖో

ఆగస్టు 29

ఈ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ జయంతి కూడా. మా శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ముందు గుర్తుకు రావలసింది గిడుగువారే అయినా, జాతీయ క్రీడా దినోత్సవం కూడా ఇదే కావడం వల్ల నాకు ఉదయం నుంచి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోని మా డ్రిల్లు మాష్టారే మనసులో మెదులుతున్నారు.

పరుగులో ముందుండే పిల్లల కంటే వెనకబడే పిల్లల మీదే ఆయనకు శ్రద్ధ ఎక్కువ. ఆటల పోటీలు దగ్గరపడితే తానే సున్నంతో గీతలు గీసి మమ్మల్ని ఖోఖోకు కూర్చోబెట్టేవారు. తరిమే జట్టులోని తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తరిమే ఆ ఒక్కరూ మధ్యగీత దాటకూడదు, పట్టిన దిక్కు మార్చకూడదు కనుక, అవతలికి తప్పుకున్న వాళ్లను అందుకోవాలంటే కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అనవలసిందే. "లేచే పిల్ల సిద్ధంగా లేకపోతే తరిమే పిల్ల వేగమంతా దండగేనమ్మా" అనేవారు మాష్టారు. మునివేళ్ల మీద బరువు నిలిపి ఎలా కూర్చోవాలో, పిలుపు చెవిన పడగానే ఏ కాలు ముందు కదపాలో ఒక్కొక్కరి పక్కన గొంతుక్కూర్చుని చూపించేవారు. అంత ఓపిక గల గురువును తరువాత చదివిన కళాశాలల్లోనూ నేను చూడలేదు.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో మా జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి బరువులెత్తే పోటీలో కాంస్యం గెలిచిందని తెలిసిన రోజున, ప్రార్థన కాగానే నల్లబల్ల బయటికి తెప్పించి స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు అని రాశారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ మన పొరుగూరి పిల్ల అని చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. పెద్దమనిషైందని ఆటలు మాన్పించిన ఆడపిల్లల ఇళ్లకు ఆ వారంలోనే స్వయంగా వెళ్లి, అరుగుల మీద కూర్చుని పెద్దవాళ్లతో మాట్లాడి, చాలామందిని తిరిగి మైదానానికి తెచ్చారు. మా ఇంటికీ వచ్చారు. మా నాన్న మొదట ఒప్పుకోలేదు. మాష్టారు రెండోసారి వచ్చారు.

ఇప్పుడు మా అమ్మాయి చదివే బడిలో పరీక్షలు వస్తున్నాయంటే ముందుగా పోయేది ఆటల పీరియడే. రెండు స్తంభాలు, కాస్త సున్నం ఉంటే ఖోఖో ఆడించవచ్చు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఆ మాటే అడగాలని, గీతలు గీయడానికి నేనే వస్తానని చెప్పాలని నిశ్చయించుకున్నాను.