మ్యువాన్ల రింగ్ దగ్గర

మ్యువాన్ అనే సూక్ష్మ కణం అయస్కాంత క్షేత్రంలో ఎలా ఊగుతుందో కొలిచే ప్రయోగం ‘జీ మైనస్ టూ’. 2023లో దాని డేటా సేకరణ ముగిశాక, అది జరిగిన అమెరికా కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల ఫెర్మీల్యాబ్ చూసే అవకాశం దొరికింది. షికాగో నుంచి పడమరగా కారులో గంట ప్రయాణం. గేటు దాటగానే గడ్డి మైదానం, అందులో బైసన్ల మంద. ల్యాబ్ మొదటి డైరెక్టర్ రాబర్ట్ విల్సన్ 1969లో తెప్పించినవాటి సంతతి. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. మనసంతా ‘జీ మైనస్ టూ’ అయస్కాంతం మీదే ఉంది.

హాల్లో సగానికి పైగా అదే. అడ్డంగా దాదాపు 15 మీటర్ల రింగ్. లోపలి కాయిల్స్‌ను విడదీయడం కుదరదు కాబట్టి 2013లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ నుంచి మొత్తంగా బార్జి మీద ఎక్కించి, ఫ్లోరిడా చుట్టూ తిప్పి, నదుల మీదుగా ఇల్లినాయికి తెచ్చారు. చివరి దూరం రాత్రిపూట రోడ్లు ఆపి లారీ మీద లాగారు. దారిలో కాస్త మెలిపడినా కాయిల్స్ పాడైపోయేవి.

మ్యువాన్ ఎలక్ట్రాన్ కంటే 207 రెట్లు బరువు. అయస్కాంత క్షేత్రంలో దాని స్పిన్, అంటే కణానికి సహజంగా ఉండే భ్రమణంలాంటి గుణం, బొంగరంలా తల ఊపుతుంది. ఆ ఊపు ఎంత వేగమో కొలిస్తే శూన్యంలో పుట్టి మాయమయ్యే కణాల ప్రభావం తెలుస్తుంది. అందుకే క్షేత్రం రింగ్ అంతటా ఒకేలా ఉండాలి. మా వెంట ఉన్న శాస్త్రవేత్త అయస్కాంతం దవడల మధ్య సందు చూపించి, అక్కడ వేల సంఖ్యలో పలుచని ఇనుప రేకులు అంటించామన్నారు. క్షేత్రాన్ని కొలిచే 17 ప్రోబ్‌లున్న చిన్న ట్రాలీ లోపల చుట్టూ తిరుగుతూ ఆ 1.45 టెస్లాల బలాన్ని తనిఖీ చేసేదట. ఆ సందు ముందు చాలాసేపు నిలబడిపోయాను.

నన్ను మరీ కదిలించింది ఆ ఊపు వేగాన్ని కొలవడానికి వాళ్లు వాడిన గడియారం సంగతి. దాని అసలు వేగం బృందంలో ఎవరికీ తెలియనివ్వలేదు. బయటి ఇద్దరు ఆ అంకెను కవర్లో పెట్టి సీలు వేశారు. లెక్కలన్నీ ఖాయమయ్యాకే విప్పాలి. కోరుకున్న జవాబు వైపు తెలియకుండానే మొగ్గు చూపే ప్రమాదం ఎవరికైనా ఉంటుంది. 2021 ఫలితానికి ముందు ఆ కవర్లు విప్పినప్పుడు ఎంత టెన్షన్ పడి ఉంటారో!

2025 జూన్ 3న తుది ఫలితం వచ్చింది. కచ్చితత్వం వంద కోట్లలో 127 వంతులు. అంతకు కొద్దిరోజుల ముందే సిద్ధాంతకర్తలు ల్యాటిస్ లెక్కలతో, అంటే స్థలకాలాన్ని గళ్లుగా విడగొట్టి కంప్యూటర్లతో చేసే లెక్కలతో, తమ అంచనాను సవరించారు. కొలత, అంచనా రెండూ కలిశాయి. కొత్త భౌతికశాస్త్రం దొరకలేదని కొందరు నిరాశపడ్డారు. నాకైతే అలా అనిపించలేదు. ఇకపై ఎవరు ఏ కొత్త కణాన్ని ప్రతిపాదించినా ముందు ఈ అంకెతో సరిపోవాలి.