గుర్రం ఎదురొస్తే పక్కకు జరగాలి

కాలిఫోర్నియాలో సియెర్రా కొండల్లో నడక మొదలుపెట్టాక మా పిల్లలు ముందుగా నేర్చుకున్నది, గుర్రం ఎదురొస్తే ఏం చేయాలో. నడిచేవాళ్లే ఆగి దారివ్వాలి, వీలైతే పల్లం వైపు నిలబడాలి, ఎందుకంటే బెదిరిన గుర్రం ఎక్కువగా ఎగువకే పోతుంది. ఊరికే నిలబడితే చాలదు, మాట్లాడాలి. వీపున పెద్ద బ్యాగుతో కదలకుండా ఉన్న ఆకారాన్ని చూసి గుర్రం అది ఏదో జంతువనుకుంటుంది, మనిషి గొంతు వింటే కుదుటపడుతుంది. మా చిన్నది తెలుగులోనే "పో నాయనా, మెల్లగా పో" అంటుంది.

పెద్దోడికి మాత్రం గుర్రాలంటే విసుగు. దారంతా పేడ, తడి నేలలో డెక్కల గుంతలు. అయితే అక్కడ వైల్డర్‌నెస్‌గా, అంటే మనిషి చేయి పడకుండా ఉంచాలని, ప్రకటించిన అడవుల్లో 1964 చట్టం ప్రకారం మోటారు రంపాలు వాడకూడదు. ఒకరోజు దారికి అడ్డంగా పడిన మానును ఇద్దరు చెరోవైపు పట్టి లాగే రంపంతో కోస్తుంటే, ఆ సామానంతా మోసుకొచ్చిన కంచరగాడిదలు పక్కన నిలబడి ఉన్నాయి. కోస్తున్నవాళ్లు గుర్రాల మీద వచ్చినవాళ్లే, జీతం లేకుండా. ఆరోజు నుంచి వాడు గొణగడం మానేశాడు.

ఉగాది, స్ప్రింగ్ బ్రేక్ కలిసొచ్చిన ఏడు కర్నూలు వచ్చాం. మా చిన్నాయన పిల్లల్ని ఆత్మకూరు అవతల వెంకటాపురం తీసుకుపోయాడు. అక్కడి నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం దాకా నల్లమలలో కాలిబాట. కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా వస్తారు, భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు మరి. కొందరైతే కర్రకాళ్ల మీద నడుస్తారు. అలాంటాయన ఒకరు రాళ్లలో తడుముకుంటూ వస్తుంటే మా పిల్లలు ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగి నిలబడ్డారు. నాకు కడుపు నిండిపోయింది.

కానీ బాట పొడవునా, భక్తులకు నీళ్లిచ్చే శిబిరాల్లో పంచిన నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు పడి ఉన్నాయి. అది పెద్దపులులు తిరిగే అడవి. "ఇవన్నీ కిందికి ఎవరు మోస్తారు తాతా, ఇక్కడ గుర్రాలు లేవు కదా?" అని పెద్దోడు అడిగితే, "పుణ్యానికి నీళ్లు పోసేవాళ్లను ఏమంటాం రా అబ్బీ" అన్నాడు చిన్నాయన. నేనూ వాళ్లను తప్పుపట్టను, ఆ ఎండలో ఆ నీళ్లే ప్రాణం. డ్రమ్ము, స్టీలు గ్లాసులు పెట్టినా అదే పుణ్యం కదా! ఆ దారిలో శిబిరం పెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదివితే నాకు చెప్పండి, మీ శిబిరానికి కావలసిన గ్లాసులు నేను కొనిస్తాను.