సహాయ కోచ్ ఉద్యోగం దాకా: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో నా అనుభవం

గుంటూరులో ఎనిమిదో తరగతి పూర్తిచేసి, నాన్న ఉద్యోగం కారణంగా టెక్సస్‌కు వచ్చిన నేను హైస్కూల్లో ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నాది ఆడే ఒళ్ళు కాదు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగడానికి పెనుగులాడే ఆట. ఆ జట్టులో నాకు దొరికింది నీళ్ళ సీసాలు అందించడం, ఎత్తైన టవర్ ఎక్కి ప్రాక్టీసును వీడియో తీయడం. మైదానంలోని 22 మందీ ఒకేసారి కనిపించే ఆ ఎత్తు నుంచి చూడడం అలవాటయ్యాక, బంతి చేతిలో లేనివాళ్ళు ఎందుకు అలా కదులుతున్నారన్న ప్రశ్న నన్ను వదల్లేదు. యూనివర్సిటీలో చేరగానే ఫుట్‌బాల్ విభాగం వీడియో ఆఫీసుకు వెళ్ళి స్టూడెంట్ అసిస్టెంటుగా పని అడిగాను.

కాలేజీ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి అయిన ఎఫ్‌బీఎస్‌లో 130కి పైగా జట్లున్నాయి. ఒక్కో జట్టులో హెడ్ కోచ్ కింద మైదానంలో శిక్షణ ఇచ్చే సహాయ కోచ్‌లు 2024 దాకా పదిమందే ఉండేవారు. ఆ పదో స్థానం 2018 జనవరిలో వచ్చింది. వారిలో అఫెన్స్ (దాడి), డిఫెన్స్ (రక్షణ) వ్యూహాలు చూసే కోఆర్డినేటర్లు పోగా, తక్కినవారు ఒక్కో స్థానంలో ఆడేవాళ్ళకు శిక్షణ ఇస్తారు. పెద్ద జట్ల కోఆర్డినేటర్లలో ఏటా పది లక్షల డాలర్లు దాటి తీసుకునేవారున్నారు. అదే భవనంలో, పీజీ చదువుతూ పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంటుకు ఫీజు మాఫీ, అద్దెకు సరిపోయీ సరిపోని స్టైపెండ్ మాత్రమే దక్కుతాయి. ఎంతటివారైనా ఆ మెట్టు మీద మొదలుపెట్టడం ఇక్కడ మామూలే. పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ 1973లో కెంట్ స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా చేరి, సిరక్యూస్, వెస్ట్ వర్జీనియా, ఒహాయో స్టేట్, నేవీ, మిషిగన్ స్టేట్ తిరిగి, 1990లో గానీ టొలీడోలో హెడ్ కోచ్ కాలేదు. నాకు ధైర్యమిచ్చింది మాత్రం మరో కోచ్ మైక్ లీచ్. ఆయన కాలేజీలో ఫుట్‌బాల్ ఆడలేదు. పెప్పర్‌డైన్‌లో న్యాయశాస్త్రం చదివి, చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, 1989లో ఫిన్లాండ్ వెళ్ళి అక్కడి జట్టుకు కూడా శిక్షణ ఇచ్చి, 2000లో టెక్సస్ టెక్ హెడ్ కోచ్ అయ్యారు.

ఆ ధైర్యం నాన్నకు అంటలేదు. “కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పెట్టుకుని జట్టు బట్టలు ఉతుకుతావా ఏంట్రా?” అన్నారు. అది ఎక్విప్‌మెంట్ విభాగం పని అని చెప్పాను గానీ, ఆయనకు అది సమాధానంగా తోచలేదు. అమ్మ మాత్రం బంధువులు అడిగితే “యూనివర్సిటీలో పనిచేస్తున్నాడు” అని చెప్పి ఊరుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. నిజానికి ఆ డిగ్రీయే నాకు అక్కరకు వచ్చింది. ఈ వృత్తిలో ఉద్యోగ ప్రకటన వెలువడేనాటికే మనిషి దాదాపు కుదిరిపోయి ఉంటాడు. ప్రత్యర్థి ఏ సందర్భంలో ఏ ఆట ఆడతాడో లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నేను రాసి పెట్టడంతో, మా వీడియో విభాగాధిపతి తనకు తెలిసిన కోచ్‌కు ఫోన్ చేసి నా పేరు చెప్పారు. అలా మిడ్‌వెస్ట్‌లోని ఒక జట్టులో 2022, 2023 సీజన్లు డిఫెన్స్ వైపు గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా పనిచేశాను.

శనివారం మ్యాచ్ ముగుస్తుంది. ఆదివారానికల్లా రాబోయే ప్రత్యర్థి వీడియోను ఒక్కో ప్లేగా, అంటే బంతి కదిలి ఆగేదాకా ఒక్కో ముక్కగా విడగొట్టి, అది ఎన్నో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ హాష్ (మైదానం పొడవునా ఉండే చిన్న గీతల వరుస) మీద ఉంది, ఏ ఫార్మేషన్ (ఆటగాళ్ళు నిలబడ్డ తీరు) అన్న వివరాలన్నీ నింపి ఉంచాలి. మంగళవారం మొదటి, రెండో డౌన్లు, బుధవారం మూడో డౌన్, గురువారం రెడ్ జోన్ (గోల్ గీతకు ముందున్న చివరి ఇరవై గజాలు) సాధన చేసేవాళ్ళం. ఆ ప్రాక్టీసులో ప్రత్యర్థి ప్లేలను అనుకరించే స్కౌట్ టీమ్‌కు చూపించే బొమ్మల కార్డులు గీయడం నా పని. మందపాటి కాగితం మీద నల్ల మార్కర్‌తో, బంతిని వెనక్కి అందించే సెంటర్‌ను చతురస్రంగా, తక్కినవాళ్ళను సున్నాలుగా గీసి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలో గీతలు లాగి, బంతి అందుకునేవాడి దారిని ఎర్ర రంగులో చూపి, మూలన ప్లే సంఖ్య వేసి ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. గీసే సాఫ్ట్‌వేర్ ఉన్నా మా కోఆర్డినేటర్‌కు చేతిగీతలే ఇష్టం. ప్లేకు ముందు ఆటగాళ్ళు గుమిగూడే హడిల్‌లో ఆ కార్డు ఎత్తి పట్టుకుంటే, పదకొండు మంది దాన్ని చూసే వ్యవధి కొన్ని క్షణాలే. గీత సన్నగా ఉంటే వెనకనున్న టాకిల్‌కు (ముందు వరుసలో అడ్డుకునే ఆటగాడు) కనపడదు, అతడు వేరే మనిషిని అడ్డుకుంటాడు, మా రక్షణలో రెండో వరుసలో ఉండే లైన్‌బ్యాకర్ ఆ తప్పుడు కదలికనే నేర్చుకుంటాడు. మైదానంలో నేను ఒక ఆటగాడికి పాదాలు ఎలా వేయాలో చెప్పిన సందర్భాల కంటే, ఆ బొమ్మల ద్వారా చెప్పిందే ఎక్కువ.

2023 నవంబరు చివర మా హెడ్ కోచ్‌ను తొలగించారు. కొత్తగా వచ్చేవారు తమవాళ్ళను తెచ్చుకోవడం ఇక్కడి ఆనవాయితీ, దాన్ని నేను తప్పుపట్టను. కానీ మా జట్టులో చేరడానికి డిసెంబరులో సంతకాలు చేయవలసిన హైస్కూలు కుర్రాళ్ళకు పొద్దున ఫోన్లు చేసి భరోసా ఇచ్చిన మా కార్నర్‌బ్యాక్స్ (అంచుల్లో రిసీవర్లను, అంటే పాస్ అందుకునేవాళ్ళను కాచేవారి) కోచ్, సాయంత్రానికి తన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకోవడం చూశాను. స్కూలుకెళ్ళే పిల్లలున్న మనిషి. నా రెండేళ్ళ గడువు ఎలాగూ ముగిసేదే. పైమెట్టుకు తీసుకుంటామన్న మాట మాత్రం ఆ హెడ్ కోచ్‌తోనే వెళ్ళిపోయింది.

2024 జనవరిలో ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం వార్షిక సమావేశాలు నాష్‌విల్‌లో జరిగాయి. ఉపన్యాసాలు ఉంటాయి గానీ, ఉద్యోగం లేనివాళ్ళంతా హోటల్ లాబీలోనే నిలబడి ఉంటారు. నేనూ రెజ్యూమెలు పట్టుకుని నిలబడ్డాను. అక్కడ చేతులు మారిన కాగితాల వల్ల నాకేమీ ఒరగలేదు. ఉద్యోగం కోల్పోయిన ఆ కార్నర్‌బ్యాక్స్ కోచే తన పాత సహచరుడొకరికి నన్ను పరిచయం చేశారు.

ఆయనది కాలేజీ క్రీడల్లో కింది శ్రేణి అయిన డివిజన్ త్రీ కళాశాల. ఇంటర్వ్యూలో నా మార్కుల జోలికి ఎవరూ పోలేదు. చేతికి మార్కర్ ఇచ్చి, “మేం మొదటి ఏడాది కుర్రాళ్ళం అనుకో, ఒకే వైపు ముగ్గురు రిసీవర్లు నిలబడితే కవర్ త్రీ ఎలా ఆడాలో నేర్పు” అన్నారు. వెనక లోతుగా ముగ్గురు, వారి ముందు నలుగురు ఉండే ఆ రక్షణలో, ముగ్గురిలో లోపలివాడు నేరుగా ముందుకు పరుగెత్తితే వాడిని ఎవరు పట్టుకోవాలన్నదే చిక్కు. ఒంటరి రిసీవర్ ఉన్న వైపు కార్నర్‌బ్యాక్‌ను మనిషికి మనిషిగా కట్టేసి, వెనక మధ్యలో కాపలా ఉండే సేఫ్టీని ముగ్గురి వైపు జరిపి చూపించాను. హెడ్ కోచ్ వెంటనే, “ఆ ఒంటరివాడే వాళ్ళ జట్టులో అందరికంటే వేగమైనవాడైతే?” అని అడిగారు. అలాంటప్పుడు ఈ రక్షణ ఎంచుకోను, అటువైపు సేఫ్టీ సాయం ఉండే రక్షణకు మారతాను అన్నాను. ఆ జవాబు తరువాతే ఆయన జీతం సంగతి ఎత్తారు.

డివిజన్ త్రీలో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు. కాబట్టి కార్నర్‌బ్యాక్స్ కోచ్‌గా నా ఏడాదిలో పెద్ద భాగం, మంచి ఆటగాళ్ళ తల్లిదండ్రుల ముందు కూర్చుని, చదువును బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే ఆర్థిక సహాయం ఎంత, ఏ కోర్సుకు ఎలాంటి ఉద్యోగాలున్నాయి అని వివరించడంలోనే గడుస్తుంది. ఈ పనిలో నాకు పెద్దగా శిక్షణ అవసరం కాలేదు. ఫీజులు, కోర్సులు, ప్లేస్‌మెంట్ల మాటలు వింటూ పెరిగిన ఇల్లు మాది. నాన్న ఇప్పుడు మ్యాచ్‌లను ఆన్‌లైన్‌లో చూసి, మూడో డౌన్‌లో మా కార్నర్లు అంత దూరంగా ఎందుకు నిలబడ్డారని ఫోన్ చేసి అడుగుతున్నారు. కాంట్రాక్టు ఏడాదికే, జూన్ 30న ముగుస్తుంది, జట్టు గెలిచినా ఓడినా వసంతంలో మళ్ళీ రాసుకోవాలి. అందుకే అద్దె ఇల్లు కూడా పన్నెండు నెలలకు మించి తీసుకోలేదు.